గీత చెరిపిన వీధి

కాపురానికి వచ్చిన కొత్తలో వదిన, గీత అంటే ఎవరో మనిషి అనుకుంది. వచ్చిన వారానికే వంటింటి కప్పు నుంచి పెచ్చు ఊడి గిన్నెలో పడింది. "కప్పు మార్పిద్దాం అత్తయ్యా" అంటే ఆవిడ నిట్టూర్చి, "గీత ఒప్పుకోదమ్మా" అంది. పైన ఒక గది వేసుకుందామన్నా అదే మాట, కిటికీ పెద్దది చేయిద్దామన్నా అదే మాట. ఈ గీత ఎవరో ఇంటి పెద్దాడపడుచు కాబోలు, ఎక్కడో ఉండి ఇక్కడ పెత్తనం చేస్తోంది కాబోలు అనుకుని, ఆవిడ ఎప్పుడు ఊడిపడుతుందోనని కొత్త కోడలు కొన్నాళ్ళు బిక్కుబిక్కుమంటూ గడిపింది. సంగతి తెలిశాక మొగుడు పడీపడీ నవ్వాడు. బస్సు డ్రైవరు కదా, ఆ కథ డిపో అంతా తిప్పాడు.

గీత మనిషి కాదు. ప్లానింగ్ ఆఫీసులో గోడకు తగిలించిన నగరపటం మీద ఎర్రసిరాతో గీసిన గీత. ఇప్పుడున్న ఉద్యోగులెవరూ ఇంకా బడికైనా పోని రోజుల్లో, ఆ వీధిని పెద్ద రోడ్డు చెయ్యాలని ఎవరికో తోచింది. రోడ్డు ఎంతదాకా వస్తుందో చూపడానికి గీత గీశారు. రోడ్డు రాలేదు, గీత ఉండిపోయింది. దాని లోపలున్న ఇళ్ళు ఎప్పటికైనా కూల్చేవే కనక వాటికి కొత్త గది కట్టడానికి గాని, పాత కప్పు మార్చడానికి గాని అనుమతి లేదు. సున్నం వేసుకోవచ్చు. సున్నం మీద సున్నం పడి గోడలు లావెక్కాయి తప్ప ఆ వీధిలో ఇంకేదీ పెరగలేదు.

ఇళ్ళన్నీ ఒకే వరస. ఇంటికీ ఇంటికీ మధ్య సందు లేదు, ఉమ్మడి గోడే. వదిన వాళ్ళకు ఎడమపక్క కాంపౌండరు ఇల్లు. ఆస్పత్రిలో మందులు కలిపి కలిపి రిటైరైన మనిషి, మాట కూడా కొలిచి పోసేవాడు. కుడిపక్క మరిది ఇల్లు. ఒకే ఇంటిని తండ్రి నడిమికి గోడ కట్టి అన్నదమ్ములకు పంచాడు. మరిది అవతల రేడియో తాత. ఎవరూ రేడియో బాగుచేయించుకోని కాలం వచ్చాక కూడా ఆయన రేడియోలు బాగుచేస్తూనే ఉన్నాడు. మరిది పిలిచిన పిలుపే వీధికంతా అలవాటై, చిన్నా పెద్దా అందరూ ఆమెను వదిన అనే అనేవారు.

వదిన ముందుగదిలో రెండు కుట్టుమిషన్లు పెట్టుకుని బట్టలు కుట్టేది. గీత సరిగ్గా ఆ గదిలోంచే పోతుందని తెలిశాక, పొద్దున్నే మిషను ముందు కూర్చునేటప్పుడు, తను గీతకు ఇవతల ఉందో అవతల ఉందో అన్న ఆలోచన ఆమెను వదిలేది కాదు. కూతురు ఎదిగివచ్చి, పడుకునే చోటు చాలక మిషన్ల మధ్య కాళ్ళు ముడుచుకుని పడుకోవడం చూశాక ఆమెకు ఓపిక నశించింది. ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించి ప్లానింగ్ ఆఫీసు గడప తొక్కింది.

ఆ తిరుగుడు ఏళ్ళ తరబడి సాగింది. ఆఫీసర్లు మారారు, కుర్చీలు మారాయి, పటం మాత్రం గోడ మీదే ఉంది. తోడుకు రేడియో తాత వచ్చేవాడు. నీళ్ళసీసా పట్టుకుని బయట బల్లమీద కూర్చుని, ఆమె లోపల వాదిస్తుంటే ఈయన బయట గురకపెట్టేవాడు. "నేను నిద్రపోవడం కాదమ్మాయ్, బల్ల మీద మన హక్కు నిలబెడుతున్నా" అనేవాడు. ఆఫీసు వాళ్ళకు ఆమెను చూస్తే తలనొప్పి. పాపం ఆమెకూ వాళ్ళను చూస్తే అంతే. అయినా పట్టు వదల్లేదు.

ఆఖరికి ఒకరోజు కొత్తగా వచ్చిన ఆఫీసరమ్మే కబురుపెట్టి పిలిపించింది. చిన్న వయసు, మంచి మాట. నగరంలో ఇళ్ళు చాలడం లేదనీ, పాత అడ్డంకులు తీసేసి జనాన్ని కట్టుకోనివ్వాలని పైవాళ్ళు కొత్త విధానం తెచ్చారనీ చెప్పి, గోడ మీది కొత్త పటం చూపించింది. వీధి ఉంది. ఇళ్ళు ఉన్నాయి. ఎర్రగీత లేదు.

"మీరు అడిగిందే అయిందమ్మా. ఇంక రెండు సంగతులు వినండి" అంది ఆఫీసరమ్మ. "ఈ ఏడాది లోపల పునాది వేసినవాళ్ళకి అయిదంతస్తుల దాకా అనుమతి. ఏడాది దాటితే రెండంతస్తులే. రెండోది, కొత్తగా కట్టే ప్రతి ఇంటికీ బళ్ళు నిలబెట్టే చోటు సొంత స్థలంలోనే ఉండాలి. రోడ్డు మీద పెట్టనివ్వం."

"మా స్థలాలు జానాబెత్తెడు కదండీ. బండి ఎక్కడ పెడతాం?"

"కింద. సెల్లార్ తవ్వుకోవాలి."

వదిన తల ఊపింది. చెవులు విన్నాయి గాని మనసు అక్కడ లేదు. పటంలో గీత ఉండిన చోటునే చూస్తోంది. ఇన్నేళ్ళు గొంతు మీద ఉన్న వేలు ఎవరో తీసినట్టయింది ఆమెకు.

ఆ సాయంత్రం వీధిలో కుర్చీలు బయటకొచ్చాయి. రేడియో తాత తన రేడియోల్లో ఒకదాన్ని అరుగు మీద పెట్టి పాటలు వేశాడు. నోరు విప్పని కాంపౌండరు డ్రైవరును గట్టిగా కావలించుకుని, "మీ ఆవిడ మగాడయ్యా" అన్నాడు. "ఆ ముక్క నాకు పెళ్ళయిన నెలకే తెలిసింది" అన్నాడు డ్రైవరు. అందరూ నవ్వారు. మరిది మాత్రం తల వెనక్కి వాల్చి ఇళ్ళ పైన ఖాళీగా ఉన్న ఆకాశాన్ని చూస్తూ నిలబడ్డాడు. అతను ఎలక్ట్రీషియన్. ఊళ్ళో లేచే ప్రతి కొత్త భవనంలోనూ వైర్లు లాగినవాడు. తనదంటూ ఒక అంతస్తు ఎప్పుడూ లేదు.

మర్నాటి నుంచే వీధిలోకి కొత్త మొహాలు రావడం మొదలైంది. తలుపు తట్టేవాళ్ళు, టేపులు పట్టుకుని కొలిచేవాళ్ళు, "ఏడాది అయిపోతే మీ స్థలం చిల్లిగవ్వ చెయ్యదు" అని బెదిరించేవాళ్ళు. అందరికంటే ముందు కాంపౌండరు అమ్మేశాడు. ఎవరితోనూ ఒక్క మాట అనకుండా సామాను బండికెత్తించి వెళ్ళిపోయాడు. కొన్నది ఒక బిల్డరు. తెల్లకారులో దిగేవాడు కనక వీధి అతనికి తెల్లకారాయన అని పేరు పెట్టింది.

ఇల్లు కూల్చడం ఒక్కరోజు పని. తవ్వడం మాత్రం సాగుతూ వచ్చింది. పొడుగాటి ఇనపచెయ్యి ఉన్న తవ్వే బండి పొద్దున్నే లేచి నేలను కొరికేది. మొదట్లో వదినకు అది చప్పుడుగానే ఉంది. తర్వాత అది చప్పుడు కాదని తెలిసింది. కుట్టుమిషను ముందు కూర్చుంటే ఆమె కాలు ఆడకుండానే సూది వణికేది. బల్ల మీద పెట్టిన దారం రీలు దానంతటది దొర్లి ఎడమపక్కకు పోయేది. తీసి మళ్ళీ పెడితే మళ్ళీ అటే. బట్టలు వేసుకుని చూసుకునే నిలువుటద్దం గోడకు ఆనడం మానేసి ఒక మూల గాల్లో నిలబడింది. కొలతలివ్వడానికి వచ్చిన ఒకావిడ అందులో చూసుకుని, "నేను వంకరగా ఉన్నానా, నీ అద్దం వంకరగా ఉందా" అని అడిగింది. వదిన నవ్వి టేపు అందుకుంది.

గోడ మీద మొదట కనిపించిన పగులు తల వెంట్రుకంత ఉంది. కొన్నాళ్ళకు అందులో సూది పట్టింది. ఇంకొన్నాళ్ళకు బట్ట మీద గీతలు గీసే సుద్దముక్క పట్టింది. ఆ సంగతి ఆమె మొగుడికి చూపిస్తే, అతను పగుల్లోకి ఒక కన్ను మూసి చూసి, "పర్లేదోయ్, అవతల మనిషెవరూ కనపడట్లేదు" అన్నాడు. నవ్వించడానికి అన్నాడు. కానీ ఆ రాత్రి నుంచి అతనే మంచం ఆ గోడ పక్కనుంచి లాగి గది మధ్యకు తెచ్చాడు.

తెల్లకారాయన గొయ్యి పూర్తిగా లోతయ్యేసరికి మరిది ప్లాను కాగితాలు పట్టుకుని వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"అనుమతి వచ్చేసింది వదినా. అయిదంతస్తులు. కింద ఒకటి మాకు, పైన ఒకటి మీకు, మిగతావి అద్దెకు. అన్నయ్య ఇంకెన్నాళ్ళు ఆ స్టీరింగు పట్టుకుని వేలాడతాడు?"

"సెల్లార్ తవ్వుతావా?"

"తవ్వకపోతే అనుమతి ఎక్కడిది?"

ఆమె అతన్ని ముందుగదిలోకి తీసుకుపోయి రీలు బల్ల మీద పెట్టింది. అది దొర్లింది. "ఆ పక్క ఇంకా గొయ్యి గొయ్యిగానే ఉంది. ఈ పక్క నువ్వు కూడా తవ్వితే మా ఇల్లు దేన్ని పట్టుకుని నిలబడుతుంది? వాళ్ళ గోడ లేచేదాకా ఆగు మరిదీ. అంతే అడుగుతున్నా."

అతను రీలు తీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

"వాళ్ళ గోడ లేచేసరికి ఏడాది గడిచిపోతుంది వదినా. నాకు మిగిలేది రెండంతస్తులు. వాటికీ సెల్లార్ తవ్వాల్సిందే. ఇల్లు ఖాళీచేసి అద్దె కొంపలో పడ్డాం. ఇప్పుడు ఆగితే నేను అటూ కాను, ఇటూ కాను."

"నేను వద్దనడం లేదు, ఆగమంటున్నా."

"ఆగమని చెప్పాల్సింది నువ్వు కాదు, ఆఫీసు. పరిగెత్తమంటోంది వాళ్ళే. ఆ రూలు తెప్పించింది ఎవరు?" మాట జారాక అతనికే ఎలాగో అనిపించింది. రీలు బల్ల మీద జాగ్రత్తగా నిలువుగా పెట్టి వెళ్ళిపోయాడు.

తర్వాతి సోమవారం కుడిపక్క కూడా తవ్వే బండి దిగింది.

వదిన ప్లానింగ్ ఆఫీసుకు వెళ్ళింది. ఈసారి రేడియో తాతను తీసుకుపోలేదు. మరిది మీద ఫిర్యాదుకు మరిది పక్కింటాయన్ని ఎలా తీసుకుపోతుంది? ఆఫీసరమ్మ బల్ల మీద కట్టలు కట్టలుగా ఫైళ్ళు. ఏడాది గడువు దగ్గరపడి ఊరు ఊరంతా పునాదులు తవ్వుతోంది. ఆమె కళ్ళ కింద నల్లగా ఉంది.

"రెండు పక్కలా ఒకేసారి తవ్వుతుంటే మీరెలా ఒప్పుకున్నారండీ?"

"మేం ఒక్కో స్థలాన్ని విడిగా చూస్తామమ్మా. ఆయన ఫైల్లో ఆయన స్థలమే ఉంటుంది. మీ మరిదిగారి ఫైల్లో వారి స్థలమే ఉంటుంది. రెండూ రూలు ప్రకారం ఉన్నాయి. మధ్యలో మీ ఇల్లు ఏ ఫైల్లోనూ లేదు. మీరు దరఖాస్తు పెట్టలేదు కదా."

"కట్టుకోనివాళ్ళు లేనట్టేనా?"

ఆఫీసరమ్మ తలవంచుకుంది. తర్వాత నెమ్మదిగా అంది: "మీరు అభ్యంతరం రాసిస్తే రెండు పక్కలా పని ఆపిస్తాను. ఆ అధికారం నాకుంది. కానీ ఆలోచించుకోండి. పునాది పడకుండా గడువు దాటితే మీ మరిదిగారికి అయిదంతస్తులు పోతాయి."

వదిన కాగితం ముందు పెట్టుకుని కూర్చుంది. మరిది పెళ్ళికి అతని బట్టలు తనే కుట్టింది. తనకు జ్వరం వస్తే పిల్లను ఎత్తుకుని వీధంతా తిప్పినవాడు అతను. ఒక పక్క అది. ఇంకో పక్క, పొద్దున లేచేసరికి కూతురి జుట్టు నిండా గోడ సున్నం రాలి ఉండటం. ఆ తెల్లటి జుట్టే కళ్ళముందు ఆడింది. రాసిచ్చింది.

మొగుడికి చెప్పలేదు. చెప్పాల్సిన పని లేకుండా మర్నాడు రెండు స్థలాల ముందూ ఆపుదల నోటీసులు అతికించారు. సాయంత్రానికి తోడికోడలు వచ్చింది. గడప దాటి లోపలికి రాలేదు.

"ఇల్లు కూల్చుకుని రోడ్డున పడ్డవాళ్ళం అక్కా. పరాయివాళ్ళు చేస్తే ఏడ్చి ఊరుకునేదాన్ని."

వెనక నిలబడ్డ మరిది ఒక్క మాటే అన్నాడు. "చెరిపించిందీ నువ్వే, మళ్ళీ గీయించిందీ నువ్వే వదినా."

డ్రైవరు అంతా విని చొక్కా వేసుకుని డ్యూటీకి వెళ్ళిపోయాడు. నాలుగురోజులు అతను జోకు వెయ్యలేదు. ఆ ఇంట్లో అంతకంటే పెద్ద శిక్ష లేదు.

ఆపుదల ఎత్తెయ్యాలంటే పక్కింటి గోడకు ప్రమాదం లేదని ఒక ఇంజనీరు రాసివ్వాలి. తెల్లకారాయనకు సొంత ఇంజనీర్లు ఉన్నారు. వారం తిరక్కుండానే కాగితం వచ్చింది, బండి మళ్ళీ కదిలింది, పిల్లర్లు లేచాయి. మరిది ఇంజనీర్ల కోసం కాళ్ళరిగేలా తిరిగాడు. అందరూ గడువులోపు పునాదులు వెయ్యాల్సిన పెద్ద పనుల్లో తలమునకలై ఉన్నారు. ఇంత చిన్న స్థలం చూడటానికి ఎవరికీ తీరిక లేదు. అతని గొయ్యి సగం తవ్వి ఆగిన చోటే నోరు తెరుచుకుని పడి ఉంది.

అప్పుడు వాన పట్టుకుంది.

పెద్దవానేం కాదు. తుంపర, ఆగి మళ్ళీ తుంపర. ఉమ్మడి గోడ కింద ఎన్నడూ వెలుగు చూడని మట్టి తడిసి, పొరలు పొరలుగా జారి గోతిలోకి దిగుతోంది. వదిన వంటింట్లో నిలబడితే గోడ వెనక ఎవరో చెప్పులు ఈడ్చుకుంటూ నడుస్తున్నట్టు వినిపించేది. తొంగి చూస్తే ఎవరూ లేరు. గోడ అడుగున ఇటుకల కింద చెయ్యి దూరేంత సందు, అందులోంచి నీళ్ళు.

ఆమె మళ్ళీ ఆఫీసుకు పరిగెత్తింది. "ఆ గొయ్యి పూడ్పించండి. నేనిచ్చిన కాగితం నేనే వెనక్కి తీసుకుంటా."

"తీసుకున్నా ఇంజనీరు కాగితం రావాల్సిందేనమ్మా. ఆపిన చోట పూడ్చడం కూడా పని కిందికే వస్తుంది. ఏ పనీ జరగకూడదు."

"మరి గోడ పడితే?"

ఆఫీసరమ్మ కాసేపు కిటికీలోంచి వాన చూసింది. "ఆపడం వరకే నాకు నేర్పించారు. ఆపిన గొయ్యిని ఏం చెయ్యాలో రూల్లో లేదు. పైకి రాశాను, జవాబు రాలేదు." గొంతు తగ్గించింది. "ఇల్లు ఖాళీ చెయ్యండమ్మా. ఇవాళే."

మొగుడు సెలవు పెట్టాడు. కూతుర్ని స్నేహితురాలి ఇంటికి పంపారు. మర్నాడు పొద్దున్నే మిషన్లు బయటకు మోస్తుండగా మరిది వచ్చాడు. తోపుడుబండి మీద దుంగలు, పలకలు. వెంట ఒక తాపీమేస్త్రీ. వదిన వైపు చూడకుండా అన్నతో అన్నాడు: "గోడకి ఊతలు పెడతా."

"ఆపుదల ఉంది కదరా."

"ఉంటే ఉంది. పట్టుకుంటే నన్నే కదా పట్టుకునేది."

వదిన చేతిలోని బట్టలమూట కింద పెట్టింది. "వద్దు మరిదీ. పోతే ఇల్లు పోనీ. మేం వెళ్ళిపోతున్నాం."

"మా నాన్న కట్టిన గోడ వదినా. రెండు దుంగలు పెడితే వాన తగ్గేదాకా ఆగుతుంది." అప్పుడు ఆమె మొహం చూశాడు. కోపం లేదు. నిద్రలేని కళ్ళు, గడ్డం పెరిగి ఉంది. "నువ్వు లోపలికి పోకు. అంతే."

నిచ్చెన వేసుకుని గోతిలోకి దిగాడు. మొదటి దుంగ ఆనించారు. మేస్త్రీ పలక పెట్టి కొడుతుంటే మరిది కుడిచేత్తో దుంగ మొదలు పట్టుకుని ఉన్నాడు. గోడ శబ్దం చెయ్యలేదు. అదే వదినకు తర్వాత ఎన్నాళ్ళకూ మింగుడుపడని సంగతి. ఇన్ని నెలలుగా గొణిగి, ఈడ్చి, చిటపటలాడిన గోడ, పడేటప్పుడు మాత్రం ఊపిరి వదిలినట్టు మెల్లగా వంగింది. మేస్త్రీ గెంతాడు. మరిది గెంతాడు గాని చెయ్యి దుంగకూ ఇటుకలకూ మధ్య ఉండిపోయింది. ఆ తర్వాత కప్పు. ఆ తర్వాత దుమ్ము, వానలో కూడా లేచిన దుమ్ము.

డ్రైవరూ మేస్త్రీ కలిసి అతన్ని పైకి లాగారు. తోడికోడలు ఆస్పత్రికి వచ్చేసరికి డాక్టర్లు చెయ్యి మిగిలిస్తామన్నారు, వేళ్ళు పనిచేస్తాయని మాత్రం అనలేదు. వదిన వరండాలో నిలబడే ఉంది. తోడికోడలు వచ్చి పక్కన నిలబడింది. తిడుతుందనుకుంది వదిన. తిట్టలేదు. "ఇంక వైర్లు ఎలా లాగుతాడు అక్కా" అంది.

వాన వెళ్ళిపోయాక లెక్కలు తేలాయి. కూలిన ఇంటి స్థలం మరిది భాగం కంటే చిన్నది, కొత్త రూలు ప్రకారం మరీ ఇరుకు. విడిగా కట్టడానికి అనుమతి రాదు. పక్క స్థలంతో కలిపితే వస్తుంది. ఇళ్ళు కూలినవాళ్ళకు గడువు కూడా పెంచారు. ఆఫీసరమ్మ ఈ సంగతి చెబుతున్నప్పుడు ఆమె గొంతులో సంతోషం ఉంది. తన చేతనైన మంచి ఇన్నాళ్ళకు ఒకటి చేయగలిగానని అనుకుంది పాపం. అన్నదమ్ములు రెండు స్థలాలూ కలిపేశారు. వదిన సంతకం పెట్టింది. పెట్టక ఏం చేస్తుంది? పనికిరాని చేతితో మరిది, అద్దెగదిలో రెండు కుటుంబాలు, ఒక్క స్టీరింగు మీద అన్ని నోళ్ళు. ఆ అయిదంతస్తులే ఇంక రెండిళ్ళ బతుకు.

రెండు స్థలాలకు బళ్ళు ఎక్కువ పడతాయి గనక సెల్లార్ ఇంకా లోతు తవ్వాలన్నారు. ఈసారి ఇంజనీరు ఉన్నాడు, కాగితాలన్నీ ఉన్నాయి. ఎడమపక్క తెల్లకారాయన భవనం గట్టిగా నిలబడి ఉంది. తవ్వే బండి దిగింది. మరిది కట్టుకట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, గోతి అంచున కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఇనపచెయ్యి కిందికి దిగినప్పుడల్లా అతని మొహం బిగుసుకునేది. డ్రైవరు పక్కన నిలబడి ఏదో ఒకటి చెప్పి నవ్వించాలని చూసేవాడు. ఎవరూ నవ్వేవారు కాదు.

ఒక మధ్యాహ్నం వదిన వాళ్ళకు అన్నం తెస్తే, రేడియో తాత తన గుమ్మంలో నిలబడి ఆమెకోసం చూస్తున్నాడు.

"అమ్మాయ్, ఒక్కసారి లోపలికి వస్తావా? మా తలుపు పడట్లేదు. ముసలి తలుపులే, వానకి ఉబ్బిందేమో."

ఎండ మండిపోతోంది. వాన వెలిసి చాలా రోజులైంది.

ఆమె లోపలికి వెళ్ళింది. గోడ పొడుగునా అరల మీద రేడియోలు, పైనుంచి కిందిదాకా. అవన్నీ వాటి వాటి చోట్లు వదిలి అంచుల మీదికి జరిగి ఉన్నాయి, ఒకదాన్నొకటి తోసుకుంటూ బయటకు దూకబోతున్నట్టు. బయట ఇనపచెయ్యి నేలను తాకింది. అరలన్నీ ఒక్కసారి గలగలమన్నాయి. గోడ మూల నుంచి పగులు పైకప్పు దాకా పాకింది. ఆమె దగ్గరికి పోయి చూడనక్కర్లేకపోయింది. అందులో సూది పడుతుందో, సుద్దముక్క పడుతుందో దూరంనుంచే తెలుసు.

"తాతా, మీరు మా అద్దె ఇంటికి వచ్చెయ్యండి. ఇవాళే."

"నేనెందుకమ్మా? ఇంకెన్నాళ్ళు తవ్వుతారు? మీ ఇల్లు లేవాలి కదా, నాలుగు రోజులు ఓర్చుకుంటాలే." ఆయన నవ్వాడు. ఆఫీసు బల్ల మీద ఆమెకు తోడు కూర్చున్నన్నాళ్ళూ నవ్విన నవ్వే.

వదిన బయటకు వచ్చి గోతి అంచున నిలబడింది. బండి నడిపే అతను ఆమెను చూసి ఇంజను తగ్గించి, "ఏమ్మా, ఆపమంటారా?" అని అరిచాడు. మరిది కుర్చీలోంచి తల తిప్పి చూశాడు. ఎత్తబోయిన చెయ్యి ఆమె సగంలోనే ఉంచేసింది. ఆపితే ఏమవుతుందో ఆమె ఇదివరకే చూసింది. సాగితే ఏమవుతుందో కూడా చూసింది. కింద తాత గోడ తాలూకు పాత ఇటుకలు మట్టిలోంచి పళ్ళలా బయటపడి కనిపిస్తున్నాయి.

"కానివ్వండి. తాత గోడ వైపు తవ్వకుండా ముందు ఈ పక్క కానివ్వండి" అంది. అలా కుదురుతుందో లేదో ఆమెకు తెలియదు. అతనికీ తెలియదు. తల ఊపి బండి తిప్పాడు.

ఆమె తాత ఇంట్లోకి తిరిగి వెళ్ళి, పై అరలో అంచున ఉన్న రేడియోను రెండు చేతులా తీసుకుని వీధిలోకి మోసుకొచ్చి నేల మీద పెట్టింది. తాత వెనకాలే వచ్చాడు. "అదెందుకమ్మాయ్ తెచ్చావు, అది పనిచేసేదే" అన్నాడు. డ్రైవరు ఆమె మొహం చూసి, అన్నం గిన్నె మూతపెట్టి లేచాడు. మరిది కూడా లేచాడు, పనిచేసే చెయ్యి ఒకటుంది కదా అని.

ఒకరి వెనక ఒకరు మోస్తున్నారు. ఎదురింటి కిటికీలోంచి ఎవరో ఏమయిందని అడిగారు. వీధిలో రేడియోలు వరసగా ఎండలో పేరుస్తూ పోయారు. లోపల ఇంకా గోడ నిండా ఉన్నాయి.